నీరు నిలిచిన మడిలో ఊపిరి లెక్కలు

నాట్లు వేసి నెల దాటిన వరి మడిలో అడుగుపెడితే కాలి పక్క నుంచి బుడగలు లేస్తాయి. బురదలోంచి కాలు లాగితే పైన పల్చటి గోధుమరంగు పొర, దాని కింద నీలం కలిసిన బూడిదరంగు మట్టి బయటపడతాయి. ఒక దుబ్బును మెల్లగా పెకలించి కాలువ నీటిలో కడిగి చూస్తే లేత వేర్ల కొనలు తెల్లగా ఉంటాయి. ముదురు వేర్లు తుప్పు పట్టిన ఇనుప తీగల్లా ఎర్రగా కనిపిస్తాయి. మురుగు పోని పల్లపు మడిలో అయితే అవే వేర్లు నల్లబడి కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తాయి. గోధుమ, బూడిద, ఎరుపు, నలుపు. మట్టిలోని సూక్ష్మజీవులు ఏ లోతులో దేనితో ఊపిరి తీసుకుంటున్నాయో ఈ రంగులే చెబుతాయి.

సూక్ష్మజీవుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా వాటిని మంచివి, చెడ్డవి అని రెండు గుంపులుగా విడదీయడం మనకు అలవాటైపోయింది. పెరుగులో ఉండేవి మంచివి, తెగులు తెచ్చేవి చెడ్డవి. వరి మడి దగ్గర ఈ విభజన నిలవదు. గ్రాము మట్టిలో కోట్ల సంఖ్యలో ఉండే ఈ జీవులలో ఏది ఏం చేస్తుందన్నది దాని పేరును బట్టి తేలదు. ఆ సమయంలో అక్కడ ఆక్సిజన్ ఎంత ఉంది, తినడానికి ఏముంది అన్న రెండు విషయాలను బట్టే ఎక్కువగా తేలుతుంది. ఆ రెండింటినీ మార్చగల శక్తి మడిలో ఇద్దరికే ఉంది. ఒకటి, వాటికి ఆశ్రయమిచ్చే మొక్క. రెండు, మడవ తిప్పే రైతు.

దమ్ము చేసి నీరు నిలిపిన రోజు నుంచి కథ మొదలవుతుంది. పొడి నేలలో మట్టి రేణువుల మధ్య సందుల్లో గాలి ఉంటుంది. నీరు ఆ సందులను నింపేస్తుంది. ఆక్సిజన్ గాలిలో పాకే వేగంతో పోలిస్తే నీటిలో సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా పాకుతుంది. అంటే పై నుంచి కొత్త ఆక్సిజన్ దాదాపు రాదు. లోపల మిగిలినదాన్ని సూక్ష్మజీవులు ఒక రోజులోనే ఖర్చు చేసేస్తాయి. నీటికి ఆనుకుని ఉన్న కొన్ని మిల్లీమీటర్ల మట్టికి మాత్రం కొంచెం అందుతూ ఉంటుంది. పైన కనిపించే గోధుమరంగు పొర అదే.

ఊపిరి అంటే ఇక్కడ ఏమిటో కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఏ జీవి అయినా తిన్న తిండిని విడగొట్టి శక్తి తీసుకునేటప్పుడు ఎలక్ట్రాన్లు మిగులుతాయి. వాటిని ఎవరికో ఒకరికి అప్పగించాలి. మనం, ఆవులు, చెట్లు అన్నీ ఆక్సిజన్‌కు అప్పగిస్తాం. సూక్ష్మజీవులకు ఆక్సిజన్ లేకపోతే వేరే ఖాతాలు ఉన్నాయి. మొదట నైట్రేట్, ఆ తర్వాత మాంగనీసు, ఇనుము, సల్ఫేట్, చివరికి కార్బన్ డయాక్సైడ్. ఈ వరుస యాదృచ్ఛికం కాదు. ఎక్కువ శక్తి ఇచ్చే ఖాతా ముందు ఖాళీ అవుతుంది, తక్కువ ఇచ్చేది చివరకు మిగులుతుంది. ఒక్కో ఖాతాను వాడుకోగల జీవులు వేరువేరు కాబట్టి, మడిలో ఆధిక్యం ఒక గుంపు నుంచి మరో గుంపుకు వారాల వ్యవధిలో చేతులు మారుతూ పోతుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో పనిచేసిన శ్రీలంక శాస్త్రవేత్త పొన్నంపెరుమ 1972లో ప్రచురించిన సమీక్ష ఈ నీటి మునక నేలల రసాయనాన్ని ఒక క్రమంలో పెట్టింది. నేటికీ ఈ విషయం చదివేవారు అక్కడి నుంచే మొదలుపెడతారు.

ప్రతి మలుపూ పంటకు ఏదో ఒకటి చేస్తుంది. ఇనుము వంతు వచ్చినప్పుడు ఎర్రటి తుప్పు రూపంలోని ఇనుము కరిగే రూపానికి మారుతుంది, మట్టి ఎరుపు కోల్పోయి బూడిదరంగుకు తిరుగుతుంది. ఆ తుప్పు పట్టుకుని కూర్చున్న భాస్వరం కూడా అప్పుడే విడుదలవుతుంది. అదే నేలలో మెట్ట పైరుకు అందని భాస్వరం వరికి అందడానికి ఇదొక ముఖ్య కారణం. ఆమ్ల నేల అయినా, చౌడు వైపు మొగ్గిన నేల అయినా, కొన్ని వారాలు నీరు నిలిస్తే ఉదజని సూచిక (pH) దాదాపు 7 దగ్గరకు చేరుతుంది. ఇది కూడా ఈ జీవుల పనే. మరోవైపు జింకు అందుబాటు తగ్గిపోతుంది. నాటిన రెండు మూడు వారాలకు ఆకుల మీద కనిపించే తుప్పు రంగు మచ్చలకు, అందుకు సిఫార్సు చేసే జింకు సల్ఫేటుకు మూలం చాలావరకు ఇక్కడే ఉంది.

సల్ఫేట్ వంతులో పుట్టేది హైడ్రోజన్ సల్ఫైడ్, అంటే కుళ్లిన గుడ్డు వాసన. నేలలో ఇనుము తగినంత ఉంటే అది ఈ వాయువును పట్టి నల్లటి ఐరన్ సల్ఫైడ్‌గా మార్చేస్తుంది, వేరుకు పెద్ద ప్రమాదం ఉండదు. ఇనుము తక్కువగా ఉండి, పచ్చి సేంద్రియ పదార్థం ఎక్కువగా ఉండి, మురుగు పోకపోతే ఆ విషం వేరునే పట్టుకుంటుంది. నల్లబడిన వేర్లున్న మడిని రైతు ఆరబెట్టినప్పుడు జరిగేది ఇదే: ఆక్సిజన్ తిరిగి వస్తుంది, సల్ఫేటుతో ఊపిరి తీసుకునే జీవుల వంతు ముగుస్తుంది. ఏ మందూ చల్లకుండానే పైరు తేరుకుంటుంది.

అన్ని ఖాతాలూ ఖాళీ అయ్యాక మిగిలేవి మీథేన్ తయారుచేసే జీవులు. ఇవి బ్యాక్టీరియా కావు. 1977లో శాస్త్రవేత్తలు కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ జన్యుక్రమాలను పోల్చి చూసి ఇవి వేరే వంశానికి చెందినవని తేల్చారు. ఆ వంశాన్నే ఇప్పుడు ఆర్కియా అంటున్నాం. ఇవి విడుదల చేసే వాయువును అంతకు 200 ఏళ్ల ముందే, 1776లో, అలెస్సాండ్రో వోల్టా ఇటలీలోని మజోరే సరస్సులో పట్టుకున్నాడు. సరస్సు అడుగు బురదను కర్రతో కదిపి, పైకి లేచిన బుడగలను సీసాలోకి ఎక్కించి, నిప్పు చూపిస్తే మండిందని గమనించాడు. వరి మడిలో మన కాలు చేసే పని ఆ కర్ర చేసిన పనే.

ఈ ఆర్కియా గురించి ఆగి చెప్పుకోవలసిన విషయం ఒకటుంది. ఇవి గడ్డిని తినలేవు, పిండిని తినలేవు, చక్కెరను కూడా తినలేవు. హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, ఎసిటేట్ లాంటి అతి చిన్న పదార్థాలే వీటి ఆహారం. కాబట్టి దున్నేసిన వరి మోడు మీథేన్‌గా మారాలంటే మధ్యలో ఒక బారు పనివాళ్లు కావాలి. ఒక గుంపు పీచును చక్కెరలుగా విడగొడుతుంది. మరొకటి ఆ చక్కెరలను పులియబెట్టి ఆమ్లాలుగా మారుస్తుంది. ఇంకొకటి ఆ ఆమ్లాలను ఎసిటేట్, హైడ్రోజన్‌గా కోస్తుంది. ఈ చివరి గుంపు పని మరీ సున్నితమైనది. చుట్టూ హైడ్రోజన్ పేరుకుంటే వాటికి శక్తి గిట్టదు, పని ఆగిపోతుంది. ఆర్కియా వెంటవెంటనే ఆ హైడ్రోజన్‌ను తినేస్తుంటేనే అవి బతుకుతాయి. ఒకరి వ్యర్థం మరొకరి అన్నం అనడం తేలిక. ఇక్కడ ఆ వ్యర్థాన్ని తీసేవాడు లేకపోతే అన్నం పుట్టించేవాడే ఉండడు. సముదాయం అన్న మాటకు అసలు అర్థం ఇది. ఏ ఒక్క జీవినీ విడిగా గాజు పళ్లెంలో పెంచి చూస్తే ఈ సంబంధం కనిపించదు. వీటిలో చాలావాటిని ప్రయోగశాలలో ఒంటరిగా పెంచడం కష్టం కావడానికి ఇదొక కారణం.

ఇక మొక్క సంగతి. మునిగిన నేలలో మినుము వేరు ఉక్కిరిబిక్కిరై చచ్చిపోతుంది, వరి వేరు బతుకుతుంది. వరి కాండాన్ని అడ్డంగా కోసి చూస్తే తేనెపట్టులా ఖాళీ గదులు కనిపిస్తాయి. ఆకు నుంచి వేరు కొన వరకు సాగే గాలి గొట్టాలు అవి. మొక్క తన గాలిని తానే కిందికి మోసుకుపోతుంది. వేరు పై భాగంలో గోడలు ఆక్సిజన్ బయటికి కారకుండా బిగుసుకుంటాయి, కొనల దగ్గర మాత్రం వదులుగా ఉండి కొంత కారనిస్తాయి. కారిన ఆక్సిజన్ తగిలిన చోట కరిగి ఉన్న ఇనుము మళ్లీ తుప్పుగా మారి వేరుకు ఎర్రటి పూత పడుతుంది. దుబ్బు కడిగినప్పుడు కనిపించిన ఎరుపు అదే. ఎర్ర వేర్లు చూసి భయపడవలసిన పని లేదు. ఆ వేరు తన చుట్టూ ఊపిరి పీల్చగల సన్నటి తొడుగును కట్టుకుందని, విష రూపంలోని ఇనుమును, సల్ఫైడ్‌ను దూరంగా ఆపుతోందని దాని అర్థం.

ఆ తొడుగు మందం మిల్లీమీటర్లలో ఉంటుంది. మడి మొత్తంలో జీవుల రద్దీ అత్యధికంగా ఉండేది అక్కడే. తొడుగు లోపలి వైపు మీథేన్‌ను తిని ఆక్సిజన్‌తో ఊపిరి తీసుకునే బ్యాక్టీరియా ఉంటాయి. బయటి వైపు మీథేన్ తయారుచేసే ఆర్కియా ఉంటాయి. ఒకరు పుట్టించినదాన్ని మరొకరు గడప దాటకముందే కొంతవరకు తినేస్తారు. ఆక్సిజన్ అంటే గిట్టని ఆర్కియా వేరుకు ఇంత దగ్గరగా ఎలా కాపురం పెట్టాయన్నది చాలాకాలం చిక్కుప్రశ్నగా ఉంది. వరి వేర్ల దగ్గర ఎక్కువగా కనిపించే ఒక ఆర్కియా గుంపు జన్యుపటాన్ని జర్మనీలోని మార్‌బుర్గ్ శాస్త్రవేత్తలు 2006లో వెలువరించినప్పుడు జవాబు దొరికింది. ఆక్సిజన్ వల్ల పుట్టే విషాలను విరిచే ఎంజైమ్‌ల జన్యువులు ఆ గుంపు దగ్గర దండిగా ఉన్నాయి. వేరు నుంచి కారే తిండి కోసం అది ప్రమాదపు అంచున బతకడం నేర్చుకుంది.

తప్పించుకున్న మీథేన్ ఎటు పోతుంది? బుడగలుగా పోయేది తక్కువే. మొక్క ఆక్సిజన్‌ను కిందికి పంపిన గొట్టాల గుండానే మీథేన్ పైకి ఎక్కి గాలిలో కలుస్తుంది. పంట బాగా ఎదిగిన దశలో మడి నుంచి వెలువడే మీథేన్‌లో 90 శాతం వరకు ఈ దారినే పోతుంది. తాను బతకడానికి వేసుకున్న చిమ్నీనే వరి తన కింది జీవులకు కూడా ఇచ్చింది. మనుషుల పనుల వల్ల ప్రపంచంలో వెలువడే మీథేన్‌లో సుమారు 8 నుంచి 10 శాతం వరి పొలాలదే అన్న లెక్క వెనుక ఈ కాండపు గొట్టాలున్నాయి.

గాలి ఒక్కటే కాదు, మొక్క తిండి కూడా వదులుతుంది. ఆకులో తయారైన చక్కెరల్లో ఒక భాగం వేర్ల ద్వారా మట్టిలోకి కారుతుంది. నష్టంగా కనిపించే ఈ కారడమే మొక్క తన చుట్టూ ఎవరుండాలో తేల్చుకునే మార్గం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో వెంకటేశన్ సుందరేశన్ బృందం 2015లో వెలువరించిన పరిశోధన ఇందుకు మంచి సాక్ష్యం. సూక్ష్మజీవులు లేకుండా పెంచిన వరి మొలకలను పొలం మట్టిలో నాటి, వేర్ల మీద ఎవరు చేరుతున్నారో రోజురోజుకూ లెక్కించారు. 24 గంటల్లోనే వేరు లోపలి వరకు జీవులు చేరాయి. రెండు వారాలకల్లా ఆ సముదాయం దాదాపు స్థిరపడింది. వేరు చుట్టూ ఉన్న మట్టిలో ఒక జనాభా, వేరు చర్మం మీద మరొకటి, లోపల ఇంకొకటి. లోపలికి వెళ్లేకొద్దీ రకాలు తగ్గుతూ పోయాయి, అంటే ప్రతి గడప దగ్గరా వడపోత ఉంది. నాటు వేసిన తర్వాత నారు పసుపుబారి, తేరుకుని, పచ్చబడేందుకు పట్టే రోజుల్లోనే కింద ఈ కాపురం కుదురుకుంటోందన్న మాట. నాటిన తొలి రెండు వారాల్లో మడిని ఎలా చూసుకుంటామన్నది పైకి కనిపించేదానికంటే లోతైన విషయం.

వంశం కూడా లెక్కలోకి వస్తుంది. మన దేశంలో పండే వరి ఎక్కువగా ఇండికా జాతిది. జపాన్, కొరియాల్లో పండేది జపానికా. 2019లో చైనా శాస్త్రవేత్తలు ఒకే పొలంలో రెండు జాతులనూ పెంచి చూసి, నత్రజనిని మొక్కకు అందే రూపాల్లోకి మార్చే బ్యాక్టీరియా ఇండికా వేర్ల మీద ఎక్కువగా చేరుతున్నాయని గుర్తించారు. ఈ తేడా నైట్రేట్‌ను లోపలికి తీసుకునే ఒక జన్యువుతో ముడిపడి ఉందని చూపించారు. కొత్త వంగడాలను ఇప్పటిదాకా దిగుబడి, తెగులు, గింజ పొడవు చూసి ఎంపిక చేశారు. వేరు ఎవరిని పిలుస్తోందన్నది ఎంపికలో ఎప్పుడూ లెక్కకు రాలేదు. అది రావలసిన సమయం వచ్చింది.

నత్రజని దగ్గరకు వస్తే ఈ లెక్కలు రైతు జేబును నేరుగా తాకుతాయి. ఎరువు లేకుండా వందల ఏళ్లు వరి పండించిన నేలలు ఎందుకు నిస్సారం కాలేదన్న ప్రశ్నకు పి.కె. డే అనే భారతీయ శాస్త్రవేత్త 1939లో జవాబు చెప్పారు. మడి నీటిలో తేలే నీలి ఆకుపచ్చ నాచు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు ఇస్తోందని ఆయన పరిశోధన తేల్చింది. ఆ నాచే యూరియా చల్లిన మడిలో మరో పాత్ర వేస్తుంది. పట్టపగలు కిరణజన్య సంయోగక్రియలో నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను నాచు పీల్చేస్తుంది, నీటి ఉదజని సూచిక మధ్యాహ్నానికి 9 దాటిపోతుంది. ఆ క్షారపు నీటిలో యూరియా నుంచి పుట్టిన అమ్మోనియా వాయువుగా గాలిలోకి లేచిపోతుంది. ఒక నాచు, రెండు పనులు. యూరియా లేని నీటిలో దాత, యూరియా తేలుతున్న నీటిలో నష్టకారి. మంచి, చెడు అన్న మాటలు ఎందుకు పనికిరావో ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణ అరుదు.

మిగిలిన అమ్మోనియాకు మరో గండం ఉంది. పై గోధుమరంగు పొరలో ఆక్సిజన్ ఉంది కాబట్టి అక్కడి బ్యాక్టీరియా దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ కిందికి దిగి బూడిదరంగు మట్టిలోకి చేరగానే, ఊపిరి కోసం వెతుకుతున్న జీవులు దాన్ని వాడుకుని నత్రజని వాయువుగా వదిలేస్తాయి. కొన్ని మిల్లీమీటర్ల దూరంలో రెండు గుంపులు చేయి కలిపి బస్తాలకు బస్తాలు గాలిలో కలుపుతాయి. వరికి వేసిన నత్రజనిలో పైరుకు చేరేది సాధారణంగా 30 నుంచి 40 శాతమే. యూరియా వేసే ముందు నీరు తీసివేయాలని, బురద పదునులో చల్లి, ఒకటి రెండు రోజుల తర్వాత పల్చగా నీరు పెట్టాలని వ్యవసాయ శాఖ చెప్పే మాటలో ఈ జీవశాస్త్రమంతా ఇమిడి ఉంది. ఎరువు పై పొరలో ఉండిపోకుండా లోపలి మట్టిని పట్టుకుంటే గుంపుల చేతికి చిక్కడం తగ్గుతుంది. యూరియాలో వేపపిండి కలిపే పాత అలవాటు కూడా ఇలాంటిదే. అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియాను వేప నెమ్మదింపజేస్తుంది. 2015 నుంచి దేశంలో తయారయ్యే యూరియా అంతటికీ వేపనూనె పూత తప్పనిసరి చేయడానికి వెనుక ఉన్న శాస్త్రం అదే.

వరి తన జీవులను గుమ్మం దగ్గర ఉంచుకుంటే, పప్పుజాతి మొక్క ఏకంగా గది కట్టి ఇస్తుంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు మడిలో మినుము చల్లుతారు. నెల రోజుల తర్వాత ఆ మినుము మొక్కను మట్టితో సహా తవ్వి, వేరు మీది బుడిపె ఒకటి గోటితో చీల్చి చూడవచ్చు. లోపల గులాబి రంగు ఉంటే బుడిపె పనిచేస్తోంది. ఆకుపచ్చగానో బూడిదరంగుగానో ఉంటే దాని పని అయిపోయింది. ఆ గులాబి రంగు లెగ్‌హీమోగ్లోబిన్‌ది. మన నెత్తుటికి ఎరుపునిచ్చే హీమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టం. నత్రజనిని పట్టే ఎంజైమ్‌కు ఆక్సిజన్ తగిలితే చెడిపోతుంది, దాన్ని నడిపే బ్యాక్టీరియాకు మాత్రం ఊపిరికి ఆక్సిజన్ కావాలి. ఈ చిక్కును మొక్క ఈ ఎర్ర పదార్థంతో విప్పింది. ఆక్సిజన్‌ను పట్టి ఉంచి, చుక్కచుక్కగా లెక్కపెట్టి లోపలికి వదులుతుంది.

ఆ పట్టు కేవలం సౌకర్యం కాదు, అదుపు కూడా. నత్రజని పట్టడం బ్యాక్టీరియాకు చాలా ఖర్చుతో కూడిన పని. మొక్క ఇచ్చే చక్కెర తింటూ పని ఎగ్గొట్టేవి ఎందుకు పెరిగిపోవు? శాస్త్రవేత్త టోబీ కీర్స్, సహచరులు 2003లో సోయా బుడిపెలతో దీన్ని పరీక్షించారు. కొన్ని బుడిపెల చుట్టూ గాలిలోని నత్రజనిని తీసేసి దాని స్థానంలో ఆర్గాన్ నింపారు. లోపలి బ్యాక్టీరియాకు ఇక నత్రజని ఇవ్వడం సాధ్యం కాదు. మొక్క దృష్టిలో అవి ఎగవేతదారులు. అలాంటి బుడిపెల్లో బ్యాక్టీరియా సంతతి దాదాపు సగానికి పడిపోయింది. మొక్క ఆ బుడిపెలకు ఆక్సిజన్ సరఫరా తగ్గించిందనడానికి ఆధారాలు దొరికాయి. స్నేహం అని మనం ముచ్చటగా పిలిచే బంధాన్ని నిలబెడుతున్నది ఈ తనిఖీ.

బంధం ఇంకా బిగిస్తే అజొల్లా దగ్గరకు చేరుతుంది. నీటి మీద పచ్చటి తివాచీలా పరుచుకునే ఈ చిన్న ఫెర్న్ ఆకుల గుంటల్లో నత్రజని పట్టే నాచు నివసిస్తుంది. తల్లి మొక్క నుంచి పిల్ల మొక్కకు అది వారసత్వ సంపదలా సంక్రమిస్తుంది. తరతరాలుగా లోపలే ఉండిపోయి, బయట ఒంటరిగా బతకడానికి కావలసిన జన్యువులు చాలావరకు పాడైపోయాయి. ఇక తిరిగి వెళ్లే దారి లేదు. మరోవైపు ఈజిప్టులోని నైలు డెల్టాలో వేరే రకం కథ నడుస్తోంది. అక్కడ సుమారు ఏడు శతాబ్దాలుగా వరి తర్వాత బర్సీం పశుగ్రాసం వేస్తున్నారు. బర్సీం బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా, బర్సీం లేని కాలంలో వరి వేర్ల లోపల తలదాచుకుంటూ, వరి ఎదుగుదలకు కూడా తోడ్పడుతోందని 1997లో పరిశోధకులు వెల్లడించారు. మన డెల్టాలోని వరి, మినుము వరుస కూడా తరాల నాటిది. మన వరి వేర్లలో ఎవరు తలదాచుకుంటున్నారన్న ప్రశ్న కూడా అంతే శ్రద్ధగా అడగదగినది.

ఊపిరిని చేతిలో పెట్టుకుని అతిథులను అదుపులో ఉంచే పద్ధతి మొక్కలకే పరిమితం కాదు. మన పెద్దపేగు గోడలోని కణాలు, పీచును పులియబెట్టే బ్యాక్టీరియా ఇచ్చిన బ్యూటిరేట్ అనే చిన్న పదార్థాన్ని ఆక్సిజన్‌తో మండించుకుని బతుకుతాయి. ఆ మండించడంలో ఆక్సిజన్ గోడ దగ్గరే ఖర్చైపోయి పేగు లోపలికి చేరదు. యాంటీబయాటిక్ వల్ల ఆ బ్యాక్టీరియా తగ్గిన ఎలుకల్లో బ్యూటిరేట్ తగ్గి, ఆక్సిజన్ లోపలికి కారి, జబ్బు తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా విజృంభించిందని 2016లో తేలింది. బురద మడి, మన పేగు రెండూ ఒకే సూత్రం మీద నడుస్తున్నాయి. డాక్టరు చెప్పకుండా యాంటీబయాటిక్ మింగడం ఎందుకు ప్రమాదమో వివరించడానికి పల్లెలో ఇంతకంటే దగ్గరి పోలిక దొరకదు.

ఇప్పుడు మళ్లీ మీథేన్. నూరేళ్ల లెక్కలో ఒక టన్ను మీథేన్ సుమారు 27 టన్నుల కార్బన్ డయాక్సైడ్ అంత వేడి పెంచుతుంది. అయితే గాలిలో దాని ఆయుష్షు సుమారు 12 ఏళ్లే కాబట్టి ఇవాళ తగ్గిస్తే ఫలితం మన కళ్ల ముందే కనిపిస్తుంది. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారం చేసిన ఆరుతడి పద్ధతిలో పరికరం ఒక్కటే: చిల్లులు పెట్టిన గొట్టం ముక్క. దాన్ని మడిలో పాతి లోపల నీటి మట్టం చూస్తారు. మట్టం నేల కింద 15 సెంటీమీటర్లకు దిగే వరకు ఆగి, అప్పుడు మళ్లీ నీరు పెడతారు. పూత దశలో మాత్రం నీరు తగ్గనివ్వరు. నీరు 30 శాతం వరకు ఆదా అవుతుంది, మీథేన్ దాదాపు సగానికి తగ్గుతుంది, జాగ్రత్తగా చేస్తే దిగుబడి తగ్గదు. నేల ఆరినప్పుడు గాలి లోపలికి వెళ్లి ఇనుము మళ్లీ తుప్పుగా, సల్ఫైడ్ మళ్లీ సల్ఫేటుగా మారతాయి. ఖాళీ అయిన ఖాతాలు తిరిగి నిండుతాయి. నీరు పెట్టినా అవి మళ్లీ ఖర్చయ్యే వరకు ఆర్కియా వంతు రాదు.

దీనికీ ఒక మెలిక ఉంది. తడి, పొడి మారుతుంటే నైట్రేట్ తయారీ, విరగడం రెండూ జోరందుకుని నైట్రస్ ఆక్సైడ్ వెలువడుతుంది. అది కార్బన్ డయాక్సైడ్ కంటే 273 రెట్లు వేడి పెంచే వాయువు. యూరియాను విచ్చలవిడిగా చల్లే మడిలో ఆరుతడి లాభం కొంత ఇలా తిరిగి పోతుంది. నీటిని, ఎరువును కలిపి చూడకుండా ఏదో ఒకదాన్నే సంస్కరించబోతే సూక్ష్మజీవులు తమ దారి తాము వెతుక్కుంటాయి. కాలువ కింది ఆయకట్టులో మరో ఇబ్బంది ఉంది. చాలాచోట్ల నీరు మడి నుంచి మడికి పారుతుంది. ఎగువ మడి రైతు నింపితే దిగువ మడి ఆరదు. బోరు కింద సాగుచేసే రైతుకు నీటి మీద ఉన్న పట్టు ఇక్కడ లేదు. ఆరుతడి గురించి రైతులకు అవగాహన సదస్సులు పెట్టేవారు ముందుగా పంట బోదెలు, మురుగు కాలువల పూడిక తీయించాలి. నీటిని తీయడానికి దారే లేని మడి యజమానికి గొట్టం ముక్క ఇచ్చి ప్రయోజనం లేదు.

మోడు, పచ్చిరొట్ట ఎప్పుడు కలియదున్నాలన్నది కూడా ఇదే లెక్క. నీరు పెట్టే ముందు మూడు నాలుగు వారాలు పొడి నేలలో చివికితే ఆక్సిజన్ ఉన్నప్పుడే ఎక్కువ భాగం కుళ్లిపోతుంది. నాటుకు ముందు రోజు బురదలో తొక్కితే అదంతా ఆర్కియాకు విందు భోజనం. జీలుగ, జనుము, పిల్లిపెసర వేసే రైతులు చేస్తున్న మేలు గొప్పది. పంటకూ నాటుకూ మధ్య వ్యవధి చిక్కేలా కాలువ నీటి విడుదల తేదీలు ఉంటేనే ఆ మేలు పూర్తిగా దక్కుతుంది.

ప్రయోగశాలల్లో ఇతర దారులూ వెతుకుతున్నారు. బార్లీ జన్యువు ఒకటి చేర్చి, చక్కెరను వేరుకు కాక గింజకు మళ్లించే వరిని 2015లో రూపొందించారు. వేరుకు తిండి తగ్గగానే మీథేన్ బాగా పడిపోయింది. 2012లో డెన్మార్క్ శాస్త్రవేత్తలు కేబుల్ బ్యాక్టీరియాను వర్ణించారు. వేల కణాలు ఒకదాని వెనుక ఒకటి చేరి, సెంటీమీటర్ల పొడవు తీగలై, లోతులోని సల్ఫైడ్ నుంచి ఎలక్ట్రాన్లను పై పొరలోని ఆక్సిజన్ దాకా మోస్తాయి. 2020లో వరి కుండీల్లో వీటిని ఒక్కసారి చేర్చితే మీథేన్ 93 శాతం తగ్గింది. సల్ఫైడ్ మళ్లీ సల్ఫేటుగా మారడంతో, సల్ఫేటుతో ఊపిరి తీసుకునే జీవులు ఆర్కియా తిండిని ముందే తన్నుకుపోయాయి. కుండీలో జరిగింది పొలంలో జరుగుతుందా అన్నది వేరే మాట. ప్రతి దుక్కికీ నేల తిరగబడే చోట అంత పొడవు తీగలు నిలబడాలి.

ఈ ప్రశ్న సీసాల్లో, ప్యాకెట్లలో అమ్మే సూక్ష్మజీవులన్నింటికీ వర్తిస్తుంది. కోట్ల సంఖ్యలో పాత కాపురస్థులు ఉన్న నేలలోకి కొత్తవాటిని పోస్తే, వాటికి అక్కడ తిండి, తగిన ఊపిరి ఉండాలి. లేకపోతే కొద్ది రోజుల్లో కనుమరుగవుతాయి. పప్పుజాతి విత్తనానికి రైజోబియం (బుడిపెల్లో నత్రజని పట్టే బ్యాక్టీరియా) పట్టించడం ఎక్కువగా ఫలిస్తుందంటే, మొక్క దానికి గది సిద్ధం చేస్తుంది కాబట్టి. అలాంటి గది లేని చోట అదే నమ్మకంతో డబ్బు పెట్టడం సరికాదు. జీవామృతం గురించి కూడా ఇలాగే ఆలోచించాలి. అందులోని పేడ జీవులు ఆవు కడుపు వేడికి, ఆక్సిజన్ లేని చీకటికి అలవాటు పడినవి. పొలంలో అవే స్థిరపడతాయని అనుకోవడం కంటే, అందులోని బెల్లం, పప్పు పిండి, పేడలోని సేంద్రియ పదార్థం అప్పటికే ఉన్న జీవులకు తిండిగా అందుతున్నాయని చూడటం సబబు. ఆ దృష్టితో చూస్తే ఎంత పోయాలి, ఎప్పుడు పోయాలి అన్న ప్రశ్నలను కొలిచి తేల్చవచ్చు.

కోత అయ్యాక నీరు తీసేసిన మడి ఎండాకాలంలో పగుళ్లు బారుతుంది. గాలి అడుగు దాకా వెళ్తుంది, మట్టి గోధుమరంగుకు తిరుగుతుంది. ఆక్సిజన్ అంటే గిట్టని ఆర్కియా అప్పుడు నశించిపోవాలి. నశించవు. ఎండిన మట్టి గడ్డల లోపల నెలల తరబడి నిద్రాణంగా బతికే ఉంటాయి. తొలకరి తర్వాత తూము ఎత్తి, దమ్ము చేసి, నీరు నిలిపి, నైట్రేట్, ఇనుము, సల్ఫేట్ ఒక్కొక్కటే అయిపోయాక, నాటిన కొన్ని వారాలకు కాలి పక్కన మళ్లీ బుడగలు లేస్తాయి.